కంప్యూటర్ క్లాసులో పిల్లల ఉత్సాహం తగ్గకుండా పాఠం చెప్పడం ఎలా?

ఐటీఐలో ఏడాది సాగే కోపా (కంప్యూటర్ ఆపరేటర్ అండ్ ప్రోగ్రామింగ్ అసిస్టెంట్) ట్రేడ్‌లో మొదటి వారం అందరూ బుద్ధిగా వింటారు. నెల తిరిగేసరికి సగం మంది చూపు ఫోన్ మీదే. స్పీచ్‌లు ఇస్తే ఆసక్తి తిరిగి రాదు, క్లాసు నడిపే తీరు మారాలి. ఎక్సెల్ పాఠాన్నే తీసుకుందాం.

1. మొదటి రోజే ఒక పని పూర్తి చేయించండి. ఏ ట్యాబ్ దేనికో గంటసేపు వివరించకండి. ఇంటి కిరాణా చిట్టా టైప్ చేయించి, ఎన్ని కిలోలో రేటుతో గుణించి, కింద సమ్ అనే కూడిక ఫార్ములాతో మొత్తం తెప్పించండి. తర్వాత నూనె ధర మార్చమనండి. మొత్తం దానంతట అదే మారడం చూశాక ఫార్ములా ఎందుకో మీరు చెప్పక్కర్లేదు.

2. మౌస్ మీరు పట్టుకోకండి. అన్నిటికన్నా కష్టమైనది ఇదే. ఎవరైనా ఆగిపోగానే "జరుగమ్మా" అని మనమే చేసేస్తాం. పనైపోతుంది, తనకు రాదన్న భయం మాత్రం ఆ అమ్మాయిలో గట్టిపడుతుంది. విద్యార్థుల్లో ప్రేరణకు ఆత్మవిశ్వాసం ఒక మూలమని అమెరికా పరిశోధకుడు జాన్ కెల్లర్ 1980లలోనే చెప్పారు. అందుకే నోటితోనే దారి చూపండి.

3. ఎర్రర్ రానివ్వండి. పట్టికలో ఒక పేరు వెతికి దాని ఎదురుగా ఉన్న వివరం తెచ్చే వీలుకప్ (VLOOKUP) ఫార్ములా చెప్పే రోజు, ఆ పట్టికలో రవి అన్న పేరు చివర కావాలనే ఒక స్పేస్ కొట్టి ఉంచండి. కచ్చితంగా అదే పేరు వెతకమంటే జవాబుకు బదులు ఎన్‌ఏ (#N/A), అంటే దొరకలేదు అని వస్తుంది. "పేరుంది కదా సార్!" అంటారు. వెంటనే చెప్పేయకండి. లెన్ ఫార్ములాతో వెతికే పేరున్న గడిలో, పట్టికలోని గడిలో అక్షరాలు లెక్కపెట్టమనండి. ఇంగ్లిష్‌లో టైప్ చేసిన రవికి ఒకచోట 4, ఇంకోచోట 5 వస్తుంది. అప్పుడు అదనపు స్పేస్‌లు తీసేసే ట్రిమ్ నేర్పితే ఇక మరచిపోరు.

4. ఇద్దరికో సిస్టమ్ ఉంటే 15 నిమిషాలకోసారి కీబోర్డ్ చేతులు మారాలి.

5. టైపింగ్ వేగాన్ని బోర్డు మీద ర్యాంకులుగా రాయడం నాకు నచ్చదు. ముందున్న నలుగురికి హుషారు, మిగతా అందరికీ టెన్షన్. పోయిన వారం వేగం, ఈ వారం వేగం ఎవరి నోట్‌బుక్‌లో వాళ్లే రాసుకోవాలి.

6. నెలకోసారి డేటా ఎంట్రీ ఉద్యోగ ప్రకటనలు తెచ్చి, అందులో అడిగినవాటిలో తమకు వచ్చినవాటికి టిక్ పెట్టమనండి. ఎక్కువమందికి టిక్ పడనిదేదో చూసి వచ్చే వారం దానితోనే మొదలుపెట్టండి.