ఫ్రాంజ్ ఫనాన్ జీవితాన్ని గంట పాఠంగా చెప్పడం: తిరుపతి, చిత్తూరు అధ్యాపకులకు

ఫ్రెంచి వలసపాలనను ఎదిరించిన మానసిక వైద్యుడు, రచయిత ఫనాన్ గురించి డిగ్రీ, పీజీ పిల్లలకు గైడు పుస్తకాల్లో దొరికేది పుట్టిన తేదీ, రెండు పుస్తకాల పేర్లు, 'హింస' అనే మాట. అంతకు మించి ముందుకెళ్లరు. ఆయన్ని మొదట డాక్టరుగా పరిచయం చేయండి, రాతలు వాటంతటవే దారికొస్తాయి.

పది నిమిషాలు పటానికి. బోర్డు మీద ఐదు చుక్కలు చాలు. మార్టినిక్, 1925: కరీబియన్ దీవి, అప్పటికి ఫ్రెంచి వలస; కవి ఎమే సెజేర్ పాఠాలు చెప్పిన లిసే షోల్షేర్ అనే బడిలోనే ఫనాన్ చదువుకున్నాడు. ఫ్రాన్సులోని లియోన్, 1951: వైద్య పట్టా. బ్లిడా, 1953: ఫ్రెంచి పాలనలోని అల్జీరియాలో మానసిక వైద్యశాల, అక్కడ డాక్టరు ఉద్యోగం. ట్యునీషియాలోని ట్యూనిస్, 1957: బ్లిడా ఉద్యోగానికి రాజీనామా, అల్జీరియా నుంచి బహిష్కరణ తర్వాత చేరిన ఊరు, అక్కడ వైద్యం, పత్రికా రచన, బోధన. అమెరికాలోని బెథెస్డా, 1961 డిసెంబరు 6: ల్యూకేమియాతో మరణం, 36 ఏళ్లకే. అల్జీరియా స్వాతంత్ర్యాన్ని ఆయన చూశాడని రాసే పిల్లలుంటారు. అది వచ్చింది 1962 జూలైలో. ఇక్కడే సరిచేయండి. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా గాయపడటం, ఘనాలో అల్జీరియా తాత్కాలిక ప్రభుత్వ రాయబారిగా ఉండటం ఒక్కో వాక్యంలో సరి.

పాఠానికి గుండెకాయ బ్లిడా వార్డు. దీనికి సగం పీరియడ్ ఇచ్చినా తప్పులేదు. ఫనాన్ చేతి కింద 165 మంది యూరోపియన్ స్త్రీలు, 220 మంది ముస్లిం పురుషులు. రోగులే సమావేశాలు, పండుగలు, సినిమాలు, వార్డు పత్రిక నడుపుకునే పద్ధతి పెట్టాడు. స్త్రీల వార్డులో త్వరగానే మార్పు కనిపించింది. పురుషుల వార్డులో అదే పద్ధతి, కానీ ఉలుకూ పలుకూ లేదు. ఇక్కడ ఆపి, ఎందుకని పిల్లల్ని అడగండి. 'వాళ్లకు చదువు రాదు' అని ఒకరైనా అంటారు. అది సగం నిజమే: చదవలేని వార్డుకు పత్రిక ఎందుకు? మిగతా సగం రాబట్టండి. డాక్టరుకు రోగుల భాష రాదు, మధ్యలో దుబాసీ. పండుగలు వాళ్లవి కావు, ఆటలు వాళ్లవి కావు. లోపం రోగుల్లో కాదు, తాము తెచ్చిపెట్టిన పద్ధతిలో ఉందని ఫనాన్, ఆయన దగ్గర పనిచేసిన జాక్ అజులే 1954లో రాశారు. తర్వాత వార్డులో కాఫీ హోటలు పెట్టారు, ముస్లిం పండుగలు జరిపారు, కథలు చెప్పేవాణ్ణి పిలిపించారు.

ఇప్పుడు పిల్లలకు పని: పుంగనూరు, పీలేరు పల్లెల నుంచి వచ్చిన రోగులున్న వార్డుకు మీరైతే ఏం పెడతారు? నలుగురేసి కూర్చుని ఐదు నిమిషాల్లో రాయాలి. మన పల్లెల్లో భారతం జరిగే రోజుల్లో పగలు హరికథ, రాత్రి వీధినాటకం గుర్తున్నవాళ్లకు ఆ కథకుడు ఎందుకు పనికొచ్చాడో విడమరిచి చెప్పక్కర్లేదు.

పుస్తకాలకు చివరి పదిహేను నిమిషాలు. 1952 నాటి తొలి పుస్తకం 'బ్లాక్ స్కిన్, వైట్ మాస్క్స్'ను ఆయన మొదట వైద్య పట్టాకు థీసిస్‌గా ఇవ్వబోయాడు. ఒప్పుకోకపోతే వేరే అంశం మీద రాసిచ్చాడు. 1961 పుస్తకం 'ది రెచెడ్ ఆఫ్ ది ఎర్త్'ను మొదటి అధ్యాయంతో మొదలుపెట్టకండి, చర్చంతా హింస ఒప్పా తప్పా అన్నచోటే ఇరుక్కుంటుంది. రోగుల కేసులున్న ఆఖరి అధ్యాయాన్ని ముందు తీయండి. అందులో ఖైదీలను చిత్రహింస పెట్టే ఒక యూరోపియన్ పోలీసు అధికారి ఇంట్లో భార్యాపిల్లల్నీ కొడుతుంటాడు. డాక్టరును అతను కోరింది ఆ ఉద్యోగం మానే దారి కాదు, మనసు కలత పడకుండా అదే పని చేసుకునే మందు. ఇది విన్నాక మొదటి అధ్యాయం చదివితే, రాసింది వార్డులో ఇవన్నీ చూసినవాడని తెలుస్తుంది.

ఒక్క జాగ్రత్త. ఆ పుస్తకానికి ముందుమాట ఫ్రెంచి తత్వవేత్త సార్త్రది, అందులోని మాటలు ఫనాన్ వాక్యాల కన్నా ఘాటు. వాటిని ఫనాన్ పేర కోట్ చేసిన జవాబు పత్రాలు కొల్లలు. జిరాక్స్ ఇచ్చేటప్పుడు ముందుమాట పేజీలు విడిగా పిన్ను కొట్టి, పైన సార్త్ర పేరు రాసివ్వండి.