రైస్ మిల్లు మోటారుకు కరెంటు పూర్తిగా తీసేయడం ఎలా?

ఒడిశాలోని గుణుపురం, పర్లాకిమిడి ప్రాంతపు రైస్ మిల్లుల్లో ధాన్యం రాక మొదలైతే మోటార్లకు ఊపిరి సలపదు. ధాన్యాన్ని బకెట్లతో పైకెత్తే ఎలివేటర్ బెల్టు పక్కకు జారినా, బ్లోయర్ బేరింగ్ కీచుమన్నా ‘స్టాప్ నొక్కి చూసేద్దాం’ అంటారు. స్టాప్ బటన్ చేసే పని చాలా చిన్నది. స్టార్టర్‌లో మోటారుకు కరెంటు కలిపే, తెంచే అయస్కాంత స్విచ్ అయిన కాంటాక్టర్ కాయిల్‌కు వెళ్లే సన్నని తీగలో కరెంటును ఆపుతుంది. కాయిల్ పట్టు వదిలితే మోటారు ఆగుతుంది. కాంటాక్టర్ పైవైపు మూడు ఫేజులూ 415 వోల్టులతో అలాగే ఉంటాయి. కాంటాక్టులు కాలి అతుక్కుపోతే మోటారు కూడా ఆగదు. ఎమర్జెన్సీ స్టాప్ కూడా తరచుగా ఈ కాయిల్ తీగ మీదే ఉంటుంది కాబట్టి, మరమ్మతుకు దాన్ని నమ్ముకోవద్దు.

మెయిన్ స్విచ్ దింపినా తిప్పలు పెట్టేది కంట్రోల్ సర్క్యూటే, అంటే ఆ కాయిల్‌కు కరెంటు ఇచ్చే తీగల వరుస. కాయిల్‌కు కరెంటు ఆ మోటారు స్విచ్ నుంచే రావాలని లేదు. లైటింగ్ ఫేజు నుంచి లాగి ఉండవచ్చు. ఎలివేటర్ తిరిగితేనే దాని వెనుక యంత్రం స్టార్ట్ కావాలని ఇంటర్‌లాక్ పెట్టి ఉంటే, ఆ తీగ పక్క ప్యానెల్ నుంచి వస్తుంది. అప్పుడు ఈ మోటారు స్విచ్ దింపేసినా స్టార్టర్ పెట్టెలో 240 వోల్టులు కాచుకుని ఉంటాయి. అందుకే మిల్లు తీరికగా ఉన్న రోజున, లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌తో ఒక్కో స్టార్టర్‌కూ కరెంటు ఎన్ని చోట్ల నుంచి వస్తోందో వెతికించండి. బయటి నుంచి వచ్చే తీగలకు వేరే రంగు వేయించి, ‘ఇందులో రెండో కరెంటు ఉంది, ఫలానా స్విచ్ కూడా దించాలి’ అని పెట్టె తలుపు మీదే రాయించండి. మెయిన్ దింపగానే కంట్రోల్ కూడా తెగేలా ఐసొలేటర్‌కు (కరెంటును పూర్తిగా తెంచే స్విచ్) అదనపు కాంటాక్టు బిగిస్తే ఇంకా మంచిది.

మన దేశంలో 1956 నాటి విద్యుత్ నియమాలే ఈ మాట చెప్పాయి: మోటారుకు దగ్గరలో, సులువుగా అందేలా లింక్డ్ స్విచ్ (అన్ని ఫేజులనూ ఒకేసారి తెంచేది) ఉండాలి, అది మోటారుతో పాటు దాని నియంత్రణ పరికరాలకూ సరఫరాను పూర్తిగా తెంచాలి. అమెరికా నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్ ‘కనుచూపులో’ అంటే కనిపించేంత దూరంలో, 50 అడుగులు దాటకుండా అని లెక్క కట్టింది. కంట్రోల్‌కు వేరే సరఫరా ఉంటే ఆ రెండు స్విచ్‌లూ పక్కపక్కనే ఉండాలంటుంది. ప్యానెల్ గది ఒక మూల, ఎలివేటర్ ఇంకో మూల ఉన్న మిల్లులో మోటారు పక్కన ఐసొలేటర్ పెట్టించడం వృథా ఖర్చేమీ కాదు.

ఇక పని రోజు. ముందు స్టాప్ నొక్కి మోటారును ఆగనివ్వండి. లోడు మీద తెరవకూడని ఐసొలేటర్లు ఉంటాయి; తిరుగుతున్న మోటారు మీద లాగితే నిప్పు ముఖం మీదికి వస్తుంది. తరువాత మూడు ఫేజులూ ఒకేసారి తెరుచుకునే స్విచ్‌ను దించండి. ఆ వెంటనే కంట్రోల్ సరఫరాను దించండి. జనరేటర్ ఉంటే అటు నుంచి కూడా రాకుండా చూసుకోండి, ముఖ్యంగా కరెంటు పోగానే తనంతట తాను స్టార్ట్ అయ్యే రకమైతే. కరెంటు పోయింది కదా అని స్విచ్ దించకుండా ఎలివేటర్ బూటులో (అడుగున ధాన్యం పడే పెట్టెలో) చెయ్యి పెట్టడం అన్నిటికంటే చెడ్డ అలవాటు.

దించిన ప్రతి స్విచ్‌కూ తాళం వేయండి, తాళంచెవి పని చేసేవారి జేబులోనే ఉండాలి. ఫ్యూజు క్యారియర్లు పీకి దగ్గర పెట్టుకునే పాత పద్ధతి నాకు నచ్చదు. ఇంకో క్యారియర్ తెచ్చి గుచ్చేవారు ఎప్పుడూ ఉంటారు. బోర్డు మీద ‘మనుషులు పనిలో ఉన్నారు’ అని ఒడియాలోనూ తెలుగులోనూ రాసి, చదవలేనివారి కోసం బొమ్మ కూడా వేయండి. ఈ మిల్లుల్లో సవర మాట్లాడే కూలీలూ ఉంటారు, వారికి నోటితో చెప్పడం తప్పనిసరి.

ఇప్పుడు పరీక్ష. నియాన్ టెస్టర్ వెలగలేదంటే కరెంటు లేదని కాదు. మల్టీమీటర్‌ను ముందు కరెంటున్న చోట పెట్టి పని చేస్తోందని చూసుకోండి. ఆపైన ఫేజుకూ ఫేజుకూ మధ్య, ప్రతి ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య చూడండి. కాయిల్ ఏ1, ఏ2 టెర్మినళ్లు, ఓవర్‌లోడ్ రిలే (మోటారు మీద భారం ఎక్కువైతే కాయిల్ కరెంటు తెంచేది) 95, 96 టెర్మినళ్లు కూడా ఎర్త్‌తో చూడాలి. రెండో కరెంటు దొరికేది అక్కడే. చివర్లో మీటర్‌ను మళ్లీ కరెంటున్న చోట సరిచూడండి. కెపాసిటర్లు, వీఎఫ్‌డీ డ్రైవ్‌లు (మోటారు వేగం మార్చే పరికరాలు) ఉంటే వాటి మీద రాసినంత సేపు ఆగి, తరువాతే కొలవండి. నిండు బకెట్లతో ఆగిన ఎలివేటర్ బరువుకు వెనక్కి తిరుగుతుంది, దానికి ఆనింపు పెట్టాలి.

పని అయ్యాక గార్డులు బిగించి, మనుషులను లెక్క పెట్టుకుని, తాళం వేసినవారే తాళం తీయాలి. మోటారు తీగలు విప్పి ఉంటే బెల్టు తగిలించక ముందే ఒక్క క్షణం తిప్పి చూడండి. ఏ రెండు ఫేజులు మారినా అది ఎదురు దిశలో తిరుగుతుంది.