ఈమ్యాక్స్ స్లైడ్లు: రిహార్సల్‌లో నడిచిన కోడ్ స్టేజీ మీద ఎందుకు మొరాయిస్తుంది?

ఈమ్యాక్స్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో ఆర్గ్ ఫైల్‌నే (హెడింగ్‌లు, కోడ్ బ్లాకులు ఉండే నోట్స్ ఫైల్) స్లైడ్లుగా చూపిస్తూ, మధ్యలో కోడ్ కూడా నడిపే వాళ్ల కోసం ఇది. ఏ తేడా వచ్చినా ముందు స్క్రీన్ అడుగున ఎకో ఏరియాలో ఏం పడిందో చదవండి. ఆ ఒక్క లైన్ చదవకుండానే ప్యాకేజీ తీసేసి మళ్లీ వేసుకుని, అప్పుడు నా దగ్గరికి వస్తారు.

ఫైల్‌లో చాలా భాగం మాయమైంది

ఎక్కడికీ పోలేదు. స్లైడ్ల ప్యాకేజీలైన ఆర్గ్-ప్రెజెంట్, ఆర్గ్-ట్రీ-స్లైడ్ రెండూ బఫర్‌ని (తెరిచి ఉన్న ఫైల్‌ని) ఒక్క హెడింగ్‌కి న్యారో చేసి, అంటే మిగతాది దాచి, స్లైడ్‌లా చూపిస్తాయి. మోడ్ నుంచి సరిగా బయటికి రాకపోతే అలాగే ఉండిపోతుంది. కంట్రోల్-ఎక్స్, ఎన్, డబ్ల్యూ నొక్కండి. కంగారులో సేవ్ కొట్టేసినా టెన్షన్ వద్దు, సేవ్ అయ్యేది మొత్తం ఫైలే.

కోడ్ నడపడానికి కంట్రోల్-సి రెండుసార్లు కొడితే ఫంక్షన్ లేదంటోంది

మొదట్లో ఈలిస్ప్ (ఈమ్యాక్స్ సొంత భాష) ఒక్కటే ఆన్‌లో ఉంటుంది. పైథాన్, షెల్ లాంటివి ఆర్గ్-బేబెల్-డూ-లోడ్-లాంగ్వేజెస్ అనే ఫంక్షన్‌లో మీరే చేర్చాలి.

నిన్న నడిచింది, ఈరోజు నేమ్‌ఎర్రర్

నేమ్‌ఎర్రర్ అంటే ఆ పేరుతో వేరియబుల్ లేదని పైథాన్ చెప్పడం. నలుగురిలో నా పరువు తీసింది ఇదే. పైథాన్ బ్లాకులన్నిటికీ సెషన్ పెట్టాను. అప్పుడు అన్నీ ఒకే ప్రాసెస్‌లో నడుస్తాయి కాబట్టి ఒక స్లైడ్‌లో పుట్టిన వేరియబుల్ తర్వాతి స్లైడ్‌కి అందుతుంది. ముందురోజు రాత్రి మూడో స్లైడ్ దండగ అనిపించి తీసేశాను. 'డేటా' అనే వేరియబుల్ పుట్టేది అందులోనే! తర్వాత రెండుసార్లు రిహార్సల్ చేశాను, రెండుసార్లూ చక్కగా నడిచింది. నడవక ఏం చేస్తుంది? బ్లాక్ ఫైల్‌లోంచి పోయింది గానీ, విలువ సెషన్‌లో బతికే ఉంది. పొద్దున ల్యాప్‌టాప్ రీస్టార్ట్ చేశాక అదీ పోయింది.

పాత రిజల్ట్స్ కూడా ఇలాగే మోసం చేస్తాయి. బ్లాక్ నడపకుండా దాటేసినా నిన్నటి జవాబు కిందే ఉంటుంది, నడిచిందనే అనుకుంటాం.

అందుకే చివరి రిహార్సల్‌కి ముందు సెషన్ బఫర్‌ని కంట్రోల్-ఎక్స్, కె తో చంపండి. పేరు పెట్టకపోతే అది పైథాన్ పేరుతోనే ఉంటుంది. తర్వాత కంట్రోల్-యు కొట్టి, కంట్రోల్-సి, కంట్రోల్-వి, కె నొక్కితే రిజల్ట్స్ అన్నీ పోతాయి. అప్పుడు మొదటి స్లైడ్ నుంచి వరసగా నడపండి. అంత ఓపిక లేకపోతే స్లైడ్ మోడ్ ఆపి కంట్రోల్-సి, కంట్రోల్-వి, బి కొట్టండి, బ్లాకులన్నీ పైనుంచి కిందికి నడుస్తాయి. ఈమ్యాక్స్ మూసి తెరిచినా చాలు కదా అంటారేమో. డీమన్ (వెనక ఎప్పుడూ నడుస్తూ ఉండే ఈమ్యాక్స్) వాడుతుంటే చాలదు: విండో మూసినా వెనక డీమన్, దాంతోపాటు సెషన్ అలాగే ఉంటాయి.

మిగతావి

కోడ్ నడుస్తూ ఈమ్యాక్స్ బిగుసుకుపోతే కంట్రోల్-జి. అక్షరాలు చిన్నగా ఉంటే కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-ప్లస్. ప్రొజెక్టర్ మీద రంగులు వెలిసిపోయినట్టుంటే తెల్ల థీమ్‌కి మారిపోండి, అక్కడ కూర్చుని కారణం వెతక్కండి.