రష్యన్ మాట్లాడేవాళ్లకు టీవీ సిరీస్‌తో ఇంగ్లీష్ పదాలు నేర్పడం ఎలా

రష్యన్ మాతృభాష అయిన స్టూడెంట్ మీ దగ్గరికి వచ్చి, రోజుకో ఎపిసోడ్ చూస్తాను, పదాలు వాటంతట అవే వచ్చేస్తాయి కదా అని అడిగితే, రావని మొదటి రోజే చెప్పేయండి. నేను రష్యన్ మాట్లాడేవాళ్లకు ఆన్‌లైన్‌లో ఇంగ్లీష్ చెబుతుంటాను. మొదట్లో నేనూ సీజన్లకు సీజన్లు చూడమనేదాన్ని. చూసేవాళ్లు, కథంతా పూసగుచ్చినట్టు చెప్పేవాళ్లు కూడా, కానీ రష్యన్‌లో. అందులోంచి కొత్త పదం ఒక్కటి వాడి వాక్యం చెప్పమంటే మౌనం. అదే మూడు నిమిషాల సీన్ ఒకటి తీసుకుని వారమంతా దానితోనే కుస్తీ పట్టినవాళ్లకు మాటలు రావడం మొదలైంది. కాబట్టి కింద చెప్పేదంతా ఆ మూడు నిమిషాల గురించే.

ఈ పనిలో తెలుగువాళ్లకు ఒక సౌలభ్యం ఉంది, దాన్ని తప్పకుండా వాడుకోండి. రష్యన్‌కీ తెలుగుకీ చుట్టరికం లేదు, అది స్లావిక్ భాష, మనది ద్రావిడ భాష, అయినా ఇంగ్లీష్ దగ్గరికి వచ్చేసరికి చాలాచోట్ల ఇద్దరికీ ఒకే రాయి తగులుతుంది. ఆర్టికల్స్ వాళ్లకీ లేవు, మనకీ లేవు. 'యా వ్రాచ్' అంటే నేను డాక్టర్ని, మధ్యలో 'ఆమ్' లాంటిదేమీ ఉండదు, అచ్చం మనలాగే. వాళ్ల 'రుకా' అంటే హ్యాండూ అదే, ఆర్మూ అదే, మన చెయ్యిలాగా. 'నగా' అంటే లెగ్గూ ఫుట్టూ రెండూను, మన కాలులాగా. 'పాలెత్స్' అంటే వేలు, అది చేతిదా కాలిదా అన్నది పక్క మాటను బట్టి తెలుస్తుంది. డూ, మేక్ రెండిటికీ వాళ్లకు మామూలుగా వచ్చే మాట 'ద్యేలత్', మనకు చేయడం. కుర్చీ కంఫర్టబుల్‌గా ఉన్నా, టైమ్ కన్వీనియెంట్‌గా ఉన్నా వాళ్లకు 'ఉదోబ్నీ', మనకు సౌకర్యం. ఇవన్నీ మీరు కూడా ఎప్పుడో తడబడి నేర్చుకున్నవే కాబట్టి, స్టూడెంట్ ఎక్కడ ఆగిపోతాడో మీకు ముందే తెలిసిపోతుంది. సిరీస్‌లో ఎవరైనా 'మై ఫుట్ హర్ట్స్' అన్నప్పుడు అక్కడ ఆపండి, స్టూడెంట్ మాత్రం తనంతట తాను ఆపడు, ఎందుకంటే అతనికి అక్కడ తెలియని పదమే ఉండదు.

ఇక ఏ సిరీస్ తీసుకోవాలి అన్నది. ఇళ్లు, స్నేహితులు, ఆఫీసు చుట్టూ తిరిగే కామెడీలు, ఎపిసోడ్ 20, 25 నిమిషాలు మించనివి తీసుకోండి. ఫ్రెండ్స్ అనే అమెరికన్ కామెడీ సిరీస్‌ని అందరూ ఎందుకు చెబుతారంటే 1994 నుంచి 2004 దాకా 10 సీజన్లు, 236 ఎపిసోడ్లు నడిచింది, అవే ఆరుగురు మనుషులు, అదే కాఫీ షాపు, అవే గదులు, దాంతో అవే మాటలు మళ్లీమళ్లీ వస్తుంటాయి. పదం గుర్తుండాలంటే అది మళ్లీ ఎదురవ్వాలి కదా. హత్యలు, కోర్టులు, ఆస్పత్రులు ఉన్న సిరీస్‌లు మొదట్లో వద్దు, చూడటానికి ఎంత బాగున్నా సరే, అక్కడ నేర్చుకున్న మాటల్లో సగం జీవితంలో ఎప్పుడూ నోటికి రావు. ఇంకో సంగతి, 2022 మార్చిలో నెట్‌ఫ్లిక్స్ రష్యాలో సర్వీసు ఆపేసింది, కాబట్టి రష్యాలో ఉన్న స్టూడెంట్‌కు ఒకటి, కజకిస్తాన్‌లోనో మరెక్కడో ఉన్న స్టూడెంట్‌కు ఇంకొకటి దొరకొచ్చు. పేరు ఖరారు చేసేముందు వాళ్లకు ఏది అందుబాటులో ఉందో అడగండి.

స్టూడెంట్ ఇంతకుముందే రష్యన్‌లో చూసేసిన సిరీస్ అయితే ఇంకా మంచిది. రష్యాలో విదేశీ సిరీస్‌లను డబ్బింగ్‌తోనో, వెనక అసలు గొంతు సన్నగా వినిపిస్తుండగా పైన రష్యన్ మాటలు చదివే పద్ధతిలోనో చూడటం ఎప్పటినుంచో అలవాటు. వీడియో క్యాసెట్ల కాలంలోనైతే ఒకే మగ గొంతు హీరోకీ హీరోయిన్‌కీ పిల్లలకీ అందరికీ చెప్పేసేది. అందువల్ల చాలామందికి కథ ముందే తెలుసు. చూసిందే మళ్లీ ఎందుకని వాళ్లు అంటారు, అయినా ఒప్పించండి. తర్వాత ఏమవుతుందన్న టెన్షన్ లేనప్పుడే చెవి మాటల మీద నిలుస్తుంది.

సబ్‌టైటిల్స్ విషయంలో నేను కాస్త మొండిగా ఉంటాను. రష్యన్ సబ్‌టైటిల్స్ ఒక్కసారి మాత్రమే, అదీ కథ బొత్తిగా అర్థం కాకపోతేనే. స్క్రీన్ మీద సొంత లిపి కనబడితే కన్ను అటే పోతుంది, చెవి మూసుకుపోతుంది. పైగా అనువాదం చేసినవాళ్లు జోకు పండాలని మాటలు మార్చేస్తారు, స్టూడెంట్ ఆ రష్యన్ మాటే ఇంగ్లీష్ మాటకు అర్థమని రాసేసుకుంటాడు. మొదటిసారి ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో ఎపిసోడ్ అంతా ఆపకుండా చూడమనండి. రెండోసారి ఆ మూడు నిమిషాల సీన్ మాత్రమే, లైను లైనుకీ ఆపుతూ. మూడోసారి సబ్‌టైటిల్స్ తీసేసి.

ఇప్పుడు అసలు పని. ఉదాహరణకు నేనే రాసుకున్న చిన్న సీన్ ఒకటి చూడండి, ఇలాంటివి ఏ కామెడీలోనైనా దొరుకుతాయి. ఇద్దరు రూమ్మేట్స్, ఒకడు ఆలస్యంగా వచ్చాడు. 'వేర్ హావ్ యూ బీన్?' అని మొదటివాడు. 'సారీ, ఐ రాన్ ఇన్‌టు యాన్ ఓల్డ్ ఫ్రెండ్ అండ్ లాస్ట్ ట్రాక్ ఆఫ్ టైమ్.' 'యూ కుడ్ హావ్ కాల్డ్.' 'మై ఫోన్ డైడ్.' 'ఫర్గెట్ ఇట్. గ్రాబ్ ఎ ప్లేట్.' ఐదే లైన్లు, ఒక్క కష్టమైన పదం లేదు, కానీ స్టూడెంట్‌ని ఇదే సంగతి సొంతంగా చెప్పమంటే ఇందులో ఒక్క లైను కూడా ఇలా రాదు.

ఫోన్ లైను తీసుకోండి. రష్యన్‌లో చార్జింగ్ అయిపోతే 'తెలెఫోన్ స్యేల్' అంటారు, మాటకు మాట చూస్తే ఫోన్ కూర్చుంది అని. నా దగ్గర నేర్చుకునే ఒకావిడ నాతో నిజంగానే 'మై ఫోన్ శాట్ డౌన్' అంది. తప్పని ఊరుకోకుండా, మీ భాషలో ఫోన్ కూర్చుంటుంది, ఇంగ్లీష్‌లో చచ్చిపోతుంది అని చెప్పాను, ఆ తర్వాత ఆవిడ ఆ మాట మళ్లీ తప్పు అనలేదు. అలా రెండు భాషల్లోనూ బొమ్మ వేరైనచోట ఆ తేడానే గుర్తుగా పట్టించాలి. 'లాస్ట్ ట్రాక్ ఆఫ్ టైమ్' దగ్గర పని తేలిక, రష్యన్‌లోనూ కాలం లెక్క పోగొట్టుకున్నాను అనే అంటారు, ఆ మాట వాళ్లనే అడిగి చెప్పించండి. 'రాన్ ఇన్‌టు' దగ్గర మాత్రం పరుగెత్తడం అనే అర్థం అడ్డం పడుతుంది, అనుకోకుండా ఎదురుపడటం అని సీన్‌లోంచే రాబట్టండి. 'యూ కుడ్ హావ్ కాల్డ్' అంటే ఫోన్ చేసి ఉండొచ్చు కదా అన్న నిష్ఠూరం, గ్రామర్ పుస్తకంలో దీనికి ఒక పేరు ఉంటుంది, ఆ పేరు ఎత్తకండి, గొంతు వినమనండి. 'గ్రాబ్' అన్న మాటకు డిక్షనరీలో లాక్కోవడం అని ఉంటుంది, ఇక్కడ ఉన్నది మామూలుగా తీసుకో అన్నంతే.

ఒక సీన్‌లోంచి ఐదు, మహా అయితే ఏడు మాటలు. అంతకు మించి రాసుకుంటే నోటుబుక్కు నిండుతుంది గానీ నోట్లో ఏమీ ఉండదు. ఏవి తీసుకోవాలి అంటే, రేపు నువ్వు ఈ మాట ఎవరితోనైనా అనగలవా అని అడగండి, అనలేనంటే వదిలేయమనండి. తెలియని పదం ప్రతిదీ పట్టుకోవాలన్న కంగారు వాళ్లలో బాగా ఉంటుంది, దాన్ని తగ్గించడానికి నేను ఒక లెక్క చెబుతాను: బాగా వాడుకలో ఉన్న 3,000 పద కుటుంబాలు, వాటితోపాటు మనుషుల పేర్లు ఊళ్ల పేర్లు లాంటివి తెలిస్తే టీవీ ప్రోగ్రాముల్లో వినబడే మాటల్లో దాదాపు 95 శాతం తెలిసినట్టేనని 2009లో స్టువర్ట్ వెబ్, మైకేల్ రాడ్జర్స్ అనే పరిశోధకులు తేల్చారు. పద కుటుంబం అంటే వర్క్, వర్కింగ్, వర్కర్ లాంటివన్నీ కలిపి ఒకటి. కాబట్టి ఏ రాజుల కాలపు ఆయుధం పేరో తెలియకపోతే కొంప మునగదు.

రష్యన్ మాటలా వినబడి వేరే అర్థం ఉండేవి మాత్రం వదలకండి. తెలియని పదమైతే డిక్షనరీ తీస్తాడు, తెలుసనుకున్నది తియ్యడు, గొడవంతా అక్కడే. 'మగజీన్' వాళ్లకు షాపు. 'ఫమీలియా' ఇంటిపేరు. 'అక్కురాత్నీ' అంటే శుభ్రంగా, పొందికగా ఉండటం, 'సింపతీచ్నీ' అంటే చూడచక్కగా ఉన్నవాళ్లు. 'దికాదా' పది రోజులు, పదేళ్లు కాదు. 'అంగీనా' మామూలు గొంతు ఇన్‌ఫెక్షన్, ఇంగ్లీష్‌లో అదే మాటకు గుండెకు సంబంధించిన నొప్పి అని అర్థం, అంటే స్టూడెంట్ తన బిడ్డకు గొంతు నొప్పని చెబుదామనుకుని ఎదుటివాళ్లను హడలెత్తించవచ్చు. సీన్‌లో ఇలాంటిది తగిలితే అయిదు నిమిషాలు ఆగినా నష్టం లేదు.

గెట్, గో, రన్‌ల వెనక వచ్చే చిన్న ముక్కలు, అవుట్, ఓవర్, అవే లాంటివి, సిరీస్ నిండా ఉంటాయి, వాటిని చూసి స్టూడెంట్లు బెదిరిపోతారు. కానీ వాళ్ల భాషలోనే ఇలాంటి ఏర్పాటు ఉంది, ముక్క వెనక కాకుండా ముందు తగులుతుంది, అంతే తేడా. 'ఇద్తీ' అంటే వెళ్లడం, దానికి ముందు ముక్క తగిలిస్తే 'వీయ్తీ' బయటికి వెళ్లడం, 'వయ్తీ' లోపలికి వెళ్లడం, 'ఉయ్తీ' వెళ్లిపోవడం. గో అవుట్, గో ఇన్, గో అవే. ఈ మూడూ పక్కపక్కన రాసి చూపించిన రోజు స్టూడెంట్ ముఖం చూడాలి. అన్నీ ఇంత చక్కగా సరిపోవు, 'గివ్ అప్' లాంటివి అలాగే గుర్తుపెట్టుకోవాలి, కానీ భయం పోతుంది.

మర్యాద గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, దీన్ని చాలామంది టీచర్లు పట్టించుకోరు. రష్యన్‌లో మన నువ్వు, మీరు లాగే 'తీ', 'వీ' ఉన్నాయి, క్రియ రూపమూ దానితో మారుతుంది. ఇవ్వండి అనే రూపం వాడి పక్కన 'పజాలుస్తా', అంటే దయచేసి, చేరిస్తే మర్యాదగానే ఉంటుంది. ఇంగ్లీష్‌లో ఉన్నది ఒకే 'యూ', మర్యాదంతా వాక్యం కట్టే తీరులోకి పోయింది. దాంతో 'గివ్ మీ ద సాల్ట్, ప్లీజ్' అని స్టూడెంట్ ఎంతో గౌరవంగా అంటాడు, వినేవాళ్లకు ఆర్డర్ వేసినట్టుంటుంది. మన అండి ఇంగ్లీష్‌లోకి పోతే ఏమవుతుందో మనకూ తెలుసు. అందుకే సీన్‌లో ఎవరైనా ఎవరినైనా ఏదైనా అడిగితే, 'కుడ్ యూ', 'వుడ్ యూ మైండ్', 'డూ యూ థింక్ యూ కుడ్' లాంటివి పదాలతో సమానంగా రాయించండి, ఎవరు ఎవరిని అడిగారన్నది కూడా పక్కన రాయించండి. స్నేహితుడితో ఒకలా, బాస్‌తో ఇంకోలా ఉందని వాళ్లకే తెలిసిపోతుంది.

ఉచ్చారణలో మనకూ వాళ్లకూ దారులు కొంచెం వేరవుతాయి. హ్రస్వం, దీర్ఘం తేడా మనకు ఉగ్గుపాలతో వచ్చింది, పుల్ వేరు పూల్ వేరు. రష్యన్‌లో ఆ తేడాతో అర్థం మారదు, కాబట్టి ఆ రెండూ వాళ్ల చెవికి ఒకటే. మాట చివర గ, డ, బ వస్తే వాళ్ల నోట్లో క, ట, ప అయిపోతాయి, బ్యాగ్ అన్నది బ్యాక్ అయిపోతుంది. 'థింక్' కాస్తా 'సింక్'. ఇవి మీరు తేలిగ్గానే పట్టుకుంటారు. వీ, డబ్ల్యూల దగ్గర మాత్రం మనమూ జాగ్రత్తగా ఉండాలి, ద్రాక్ష తీగకూ ద్రాక్ష సారాకూ మన లిపిలో ఒకే 'వైన్' రాస్తాం, వాళ్లకూ ఒకటే శబ్దం ఉంది, అందుకని అలాంటి మాట వస్తే మీరు చెప్పకుండా సీన్‌లోని గొంతునే మళ్లీ వినిపించండి.

నేర్చుకున్న మాటలు దాచుకోవడానికి ఆంకీ అనే యాప్ చాలు, అందులో మాటలను కార్డులుగా రాసుకుని మళ్లీమళ్లీ చూసుకోవచ్చు, కంప్యూటర్‌లోనూ ఆండ్రాయిడ్‌లోనూ ఉచితం, ఐఫోన్‌లో కొనుక్కోవాలి. కార్డు ముందువైపు విడి పదం వద్దు, సందర్భం రష్యన్‌లో రాయించండి: ఇంటికి లేటుగా వచ్చావు, ఫోన్ చార్జింగ్ అయిపోయింది, ఏమంటావు? వెనకవైపు సీన్‌లోని లైను మొత్తం. అర్థాల కోసం వాళ్లు మల్టీట్రాన్ అనే ఆన్‌లైన్ డిక్షనరీ తెరుస్తారు, అందులో ఒక మాటకు రంగాల వారీగా బోలెడు అర్థాలు వస్తాయి, సీన్‌కు సరిపోయే ఒక్కటి ఏరుకుని మిగతావి వదిలేయమనండి.

వారం ఇలా గడుస్తుంది నా దగ్గర. మొదటి రోజు సీన్ చూసి మాటలు తీయడం. మర్నాడు కార్డులు, పాత్రతో పాటే గొంతు కలిపి లైన్లు చెప్పడం, వేగం అందకపోతే స్పీడు తగ్గించుకోవచ్చు. ఒకరోజు వదిలి, సీన్ నడుస్తుండగా మధ్యలో ఆపి తర్వాతి లైను వాళ్లచేత చెప్పించడం. వారం చివర క్లాసులో, స్క్రీన్ ఆపేసి, ఇంట్లో ఎదురుచూస్తూ కూర్చున్న రూమ్మేట్‌వి నువ్వే, నిన్న రాత్రి ఏం జరిగిందో నాకు చెప్పు అని అడుగుతాను. పాత్ర మారితే వాక్యం మారుతుంది, 'హి రాన్ ఇన్‌టు సమ్‌వన్', 'హిజ్ ఫోన్ డైడ్' అని బట్టీ పట్టినది కాకుండా సొంతంగా కట్టాల్సి వస్తుంది. ఐదు మాటల్లో మూడు అలా వస్తే కొత్త సీన్ తీస్తాం. రాకపోతే ఇంకో రెండు రోజులు అదే సీన్, ఈసారి లేటుగా వచ్చినవాడి పాత్రతో.