సన్నగా ఉన్నా, లావుగా ఉన్నా: మీ కిడ్నీ ముప్పును అంచనా వేసుకోవడం ఎలా?

మా అత్తకు 65 ఏళ్లు, బరువు 42 కిలోలు. చిత్తూరు పక్క పల్లెలో ఇప్పటికీ మామిడితోటకు నడిచే పోయొస్తుంది. “లావుండేవాళ్లకొచ్చే జబ్బులబ్బా అవన్నీ, నాకెందుకొస్తాయి?” అనేది. ఒకసారి రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం) 1.1 వచ్చింది. పక్కనే 0.6 నుంచి 1.2 వరకు నార్మల్ అని అచ్చేసి ఉంది కాబట్టి ఎవరమూ పట్టించుకోలేదు. అక్కడే పొరబడ్డాం. ఎందుకో కాసేపట్లో చెప్తాను, ముందు టేపు తీయండి.

1. నడుము కొలవండి

ఈ విషయంలో కాటా కంటే టైలరు టేపే ఎక్కువ చెబుతుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్యలో, ఊపిరి వదిలాక కొలవాలి. చీర కుచ్చిళ్ల మీదనో పంచె ముడి మీదనో పెడితే లెక్క తప్పుతుంది. మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే పొట్టలో కొవ్వు పేరుకున్నట్టే. బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు లెక్క) మనవాళ్లకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం. అంటే 160 సెంటీమీటర్ల ఎత్తు మనిషికి 64 కిలోలు దాటితే ఊబకాయం కిందే లెక్క. వినగానే గొంతులో వెలక్కాయ పడుతుంది, నాకూ పడింది.

ఒళ్లు పెరిగేకొద్దీ కిడ్నీలోని జల్లెడల మీద పని పెరుగుతుంది. కొన్నేళ్లకు అవి సాగి, ప్రోటీన్ యూరిన్‌లోకి కారుతుంది. దీనికి షుగర్, బీపీ తోడవుతాయి.

2. బరువుతో పనిలేని ప్రశ్నలు వేసుకోండి

షుగర్ ఉందా? బీపీ ఉందా? ఇంట్లో ఎవరికైనా కిడ్నీ జబ్బు వచ్చిందా? రాళ్లు, సిగరెట్లు, తరచూ నొప్పి మాత్రలు? పుట్టినప్పుడు 2.5 కిలోల కంటే తక్కువ ఉన్నవాళ్లకు జల్లెడలే తక్కువ ఉండొచ్చు, కుదిరితే అమ్మనడగండి. బక్కపలచని వాళ్లకూ షుగర్ వస్తుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో పొలం పనులు చేసుకునే ఎంతోమంది కిడ్నీ జబ్బు పాలయ్యారు. వాళ్లలో చాలామందికి షుగరూ లేదు.

3. రెండు పరీక్షలు చేయించండి

ఒకటి రక్తంలో క్రియాటినిన్. రెండోది పొద్దున మొదటి యూరిన్‌లో ఏసీఆర్, అంటే అల్బుమిన్ అనే ప్రోటీన్ ఎంత పోతోందో చూడటం. చాలామంది ఈ రెండోదాన్ని వదిలేస్తారు. ముందురోజు రాత్రి సంగటి, నాటుకోడి పులుసు వద్దు. మాంసం తిన్నాక క్రియాటినిన్ కొన్ని గంటలు పెరిగి కనిపించవచ్చు. అలిపిరి మెట్లెక్కి వచ్చిన మర్నాడో, జ్వరంలోనో, నెలసరిలోనో యూరిన్ ఇవ్వకండి.

4. రిపోర్టును వయసుతో కలిపి చదవండి

క్రియాటినిన్ కండ నుంచి వస్తుంది. కండ తక్కువైతే అదీ తక్కువే, కిడ్నీ నీరసించినా అంకె బుద్ధిగానే కనబడుతుంది. అందుకే ఈజీఎఫ్‌ఆర్, అంటే క్రియాటినిన్‌ను బట్టి కిడ్నీ వడపోత ఎంతుందో వేసే అంచనా చూడాలి. అదే 1.1 ఉన్న 30 ఏళ్ల కుర్రాడికి అది సుమారు 92. మా అత్తకు 55! ఆ లెక్కలో వయసు, ఆడామగా తేడా ఉంటాయి కానీ బరువు ఉండదు. కాబట్టి మరీ బక్కగా ఉన్నవాళ్లలో అసలు పనితనం ఇంకా తక్కువ ఉండొచ్చు. కండతో అంతగా సంబంధం లేని సిస్టాటిన్ సి రక్తపరీక్ష అవసరమా అని డాక్టరును అడగండి. జిమ్‌లో కండలు పెంచినవాళ్లకు ఇదే తిరగబడుతుంది: కిడ్నీ బాగున్నా క్రియాటినిన్ ఎక్కువ చూపిస్తుంది, ఊరికే టెన్షన్.

ఈజీఎఫ్‌ఆర్ 60 కంటే తక్కువగానో, ఏసీఆర్ 30 (mg/g) లేక అంతకు పైగానో మూడు నెలలకు మించి ఉంటే దీర్ఘకాలిక జబ్బు అంటారు. ఒక్క రిపోర్టుతో బెంబేలెత్తకండి, కానీ మళ్లీ చేయించడం మానకండి. షుగర్, బీపీ ఉంటే ఏటా.

5. డాక్టరు దగ్గరికి వెళ్లండి

నడుము కొలత ఎక్కువుంటే దాన్ని తగ్గించుకోవాలి. సన్నగా ఉన్నవాళ్లు మాత్రం కిడ్నీ పేరు చెప్పి తిండి మానేయకూడదు. ఉప్పు ఎవరికైనా రోజుకు 5 గ్రాములలోపే, ఊరగాయ, అప్పడాలతో కలిపి. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రిలో నెఫ్రాలజీ (కిడ్నీ జబ్బుల) విభాగం ఉంది. ఎక్కడికి వెళ్లినా పాత రిపోర్టులూ, ఇంట్లో వాడే మాత్రల షీట్లన్నీ ఒక కవర్లో వేసుకెళ్లండి. మా అత్త కవర్లో మోకాళ్ల నొప్పి మాత్రలే మూడు రకాలు బయటపడ్డాయి.