ఇల్లు అమ్మే ముందు రిపేర్లు చేయిస్తున్నారా? ముందు మిద్దె ఎక్కి చూడండి

పోయిన నవంబర్‌లో తిరుపతి కొర్లగుంట వైపు ఒక ఇంట్లో రాత్రి రెండు గంటలప్పుడు హాల్లో ఫాల్స్ సీలింగ్ మొత్తం ఊడి కింద పడింది. అప్పటికి మూడు రోజులుగా ముసురు. కింద పడుకున్న పెద్దావిడకు భుజం ఎముక విరిగింది. ఇల్లు అమ్మకానికి పెట్టి ఉన్నారు, అడ్వాన్స్ కూడా ముట్టింది. రిజిస్ట్రేషన్‌కు ఇరవై రోజులే ఉంది.

ఇరవై ఏళ్లకు పైగా తిరుపతిలో ఇళ్ల రిపేర్లు చేయిస్తున్నాను కాబట్టి తెల్లారి నన్ను పిలిచారు. బోర్డులతో పాటు స్లాబు పెచ్చులూ రాలి ఉన్నాయి. పైన కమ్మీలు ఎర్రగా తుప్పు పట్టి బయటికి కనిపిస్తున్నాయి. ఇంటాయన రిటైరైన టీచరు. "సార్, ఇక్కడ ఉరుస్తోందని మీకు ముందే తెలుసా?" అని అడిగాను. "తెలుసు నాయనా. వచ్చినోళ్లకు కనపడకూడదనే సీలింగ్ వేయించినాను" అన్నారు. హాలు సీలింగ్, వంటింటి అల్మారాలు, పుట్టీ, రంగులు కలిపి 3 లక్షల 80 వేలు. అందులో సగం ఆయన భార్య నగలు బ్యాంకులో పెట్టి తెచ్చినది.

కొనేవాళ్లు అడ్వాన్స్ వెనక్కి అడిగారు. ఆయన ఇచ్చేశారు.

ఇల్లు అమ్మే ముందు జనం చేసే తప్పులు చాలా ఉన్నాయి. కానీ నేను చూసినంతలో మనుషుల్ని నిజంగా ముంచింది ఇదొక్కటే: తడిని ఆపకుండా తడి మీద సోకు చేయడం. పైన ఉరుస్తుంటే లోపల పుట్టీ పెట్టించడం, గోడ నెమ్ముకు పీవీసీ షీట్లు కొట్టించడం. ముందు మిద్దె, ఆ తర్వాతే రంగు. ఈ మాట మళ్లీ మళ్లీ చెబుతాను, విసుక్కోకండి.

మన ఊరికి ఇది మరీ ముఖ్యం. మనకు పెద్ద వానలు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాలతో, బంగాళాఖాతం వాయుగుండాలతో వస్తాయి. వేసవిలో వేసిన రంగు అప్పటిదాకా బాగానే కనిపిస్తుంది. 2021 నవంబర్ వరదల తర్వాత ఇల్లు చూడటానికి వచ్చే ప్రతివాళ్లూ ముందు అడిగేది "ఆ వానలకు మీ వీధిలోకి నీళ్లొచ్చాయా?" అనే. మాడ్యులర్ కిచెన్ గురించి కాదు. వాళ్లు తడికి భయపడుతున్నారు. మీ డబ్బు ఆ భయం తీర్చే పనికి వెళ్లాలి.

మిద్దె మీద పని

స్లాబు మధ్యలో కంటే అంచుల్లోనే ఎక్కువగా కారుతుంది. పిట్టగోడ, స్లాబు కలిసే మూల చూడండి. సోలార్ వాటర్ హీటర్ కాళ్లకు, డిష్‌కు కొట్టిన బోల్టు రంధ్రాలు చూడండి. నీళ్ల ట్యాంకు దిమ్మె చుట్టూ చూడండి. వాన నీటి గొట్టం మూతి దగ్గర ఆకులు పేరుకుంటే నీళ్లు నిలిచి, దారి దొరికిన చోట లోపలికి దిగుతాయి. పిట్టగోడలో రావి మొక్క మొలిస్తే పైన కత్తిరించి వదలకండి. వేరుతో సహా తీయించి ఆ సందు పూడ్పించాలి.

వాటర్ ప్రూఫింగ్ రసాయనం పూసే ముందు మిద్దె కడిగి, పగుళ్లు తెరిచి నింపి, బాగా ఆరబెట్టాలి. దుమ్ము మీద పూస్తే ఏ కంపెనీదైనా పొరలా లేచి వస్తుంది. పరీక్షకని కొందరు గొట్టాలు మూసి రెండు రోజులు నీళ్లు కడతారు. గట్టి స్లాబు మీద అయితే మంచి పద్ధతే. కానీ వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద రెండు అంగుళాల నీళ్లు అంటే నాలుగున్నర టన్నులకు పైనే బరువు. కింద పెచ్చులు ఊడుతున్న స్లాబు మీద ఆ పని అస్సలు చేయకండి. ట్యూబుతో ఒక్కో మూలా తడిపి చూస్తే చాలు.

స్లాబులో కమ్మీలు తుప్పు పడితే

ఇనుము తుప్పు పడితే ఉబ్బుతుంది. ఆ ఒత్తిడికి కింద కాంక్రీటు పగిలి పెచ్చు ఊడుతుంది. దాని మీద సిమెంటు మెత్తితే లోపల తుప్పు ఆగదు, కొత్త పెచ్చు ఇంకా బరువుగా ఊడుతుంది. వదులుగా ఉన్నదంతా కొట్టేయాలి, కమ్మీని బ్రష్‌తో రుద్ది తుప్పు పోగొట్టాలి, తుప్పు నివారణ పూత వేయాలి, ఆ తర్వాత రిపేరు మోర్టార్‌తో నింపి క్యూరింగ్ చేయాలి, అంటే కొన్ని రోజులు తడుపుతూ ఉండాలి. కమ్మీ సన్నబడిపోయి ఉంటే మేస్త్రీ మాట చాలదు, స్ట్రక్చరల్ ఇంజినీర్ చూడాలి. ఫాల్స్ సీలింగ్ వేస్తే ఇదంతా కంటికి కనపడదు. జిప్సం బోర్డు నీళ్లు పీల్చి బరువెక్కి ఒకరోజు తెగుతుంది. టీచరు గారి ఇంట్లో జరిగింది అదే.

గోడల నెమ్ము

ఎక్కడి నుంచి వస్తోందో ముందు తేల్చుకోండి. పలుచని ప్లాస్టిక్ కాగితం గోడకు నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు వదలండి. కాగితం వెనక, గోడ వైపు నీటి చెమ్మ కనిపిస్తే తడి గోడలోనే ఉంది. అవతల బాత్రూమ్ ఉంటే పైపు, నహానీ ట్రాప్ (నేల మీద నీళ్లు పోయే జాలీ), టైల్స్ సందులు చూడాలి. తడి ఆపిన తర్వాత కూడా గోడ ఆరడానికి వారాలు పడుతుంది. తెల్లగా ఉప్పు పొంగుతుంటే ఇంకా ఆరలేదనే అర్థం. పుట్టీ వాళ్లు "రేపే కొట్టేస్తాం సార్" అంటారు. కొట్టనివ్వకండి. ముందు మిద్దె, తర్వాతే రంగు.

వీలైతే వినాయక చవితి లోపు మిద్దె పని ముగించండి. దీపావళి అటూ ఇటూ రెండు గట్టి వానలు పడనివ్వండి. లోపల ఒక్క చుక్క కూడా దిగలేదని చూసుకున్నాకే పెయింటర్‌ను పిలవండి.

ఇక చట్టం మాట. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 55వ సెక్షన్ ప్రకారం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం మీకు తెలిసి ఉంటే అతనికి చెప్పి తీరాలి. చెప్పకపోవడం మోసం కిందికే వస్తుంది. "వాళ్లు చూసే కదా కొన్నారు" అనే మాట అక్కడ నిలబడదు. రిపేరు చేయించిన బిల్లు, ముందూ తర్వాతా తీసిన ఫోటోలు చూపించి "ఇక్కడ ఉరిసేది, ఇలా బాగు చేయించాం" అని చెప్పండి. అలా చెప్పిన ఇళ్లకు బేరం చెడటం నేను చూడలేదు.

మిగతావి వరసగా చెబుతాను:

– గోడ తీయించొద్దు. పాత ఇళ్లలో చాలావాటికి పిల్లర్లు ఉండవు, తొమ్మిది అంగుళాల గోడలే స్లాబును మోస్తాయి. హాలు పెద్దది చేద్దామని అది తీస్తే స్లాబు కూలవచ్చు.

– ప్లాన్‌లో లేని గది మిద్దె మీద కట్టొద్దు. కొనేవాళ్ల బ్యాంకు ప్లాన్ అడుగుతుంది. అతిక్రమణ కనిపిస్తే లోను ఆగుతుంది. మీరు పెట్టిన డబ్బు కలిసిరాదు సరికదా, బేరమే పోతుంది.

– వాస్తు కోసం మెట్లు, వాకిలి మార్చొద్దు. కొనేవాళ్లకు వాళ్ల సిద్ధాంతి ఉంటారు.

– కొత్త గ్రానైట్, మాడ్యులర్ కిచెన్ వద్దు. కొన్నవాళ్లు తమకు నచ్చినట్టు మార్చుకుంటారు.

– కారే కొళాయిలు, పనిచేయని స్విచ్చులు, బిగుసుకున్న తలుపులు, గేటు తుప్పు బాగు చేయించండి. తక్కువ ఖర్చు, అందరికీ కనిపిస్తుంది.

– ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌కు చూపించండి. షాక్ కొట్టే ఇల్లు అమ్మొద్దు.

– సంపులోకి మనిషిని దించే ముందు మూత తెరిచి చాలాసేపు గాలి ఆడనివ్వండి. ఒంటరిగా దించొద్దు. వానలకు నేల నానిపోయి ఉన్నప్పుడు సంపు మొత్తం ఖాళీ చేయొద్దు, నేలలోని నీళ్లు దాన్ని పైకి నెట్టేయవచ్చు. 2021 వరదల తర్వాత ఎం.ఆర్.పల్లి దగ్గర శ్రీకృష్ణ నగర్‌లో శుభ్రం చేస్తుండగా సిమెంటు వరల ట్యాంకు భూమిలోంచి పైకి లేచిన సంగతి ఊరంతా చూసింది.

– ఇంటి పన్ను, నీటి పన్ను బకాయిలు కట్టేయండి. ఈసీ (ఇంటి మీద అప్పులు, లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించి పెట్టుకోండి. లింకు డాక్యుమెంట్లు, అంటే ఇల్లు ముందు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత దస్తావేజులు, వెతికి ఒకచోట పెట్టండి. రంగుల కంటే ఇదే ముందు.

– ప్రతి పనికీ బిల్లు తీసుకోండి. శాశ్వతంగా చేర్చిన పనుల ఖర్చు అమ్మకం లాభంపై పన్ను లెక్కలో పనికొస్తుంది. మామూలు రంగులు, చిల్లర రిపేర్లు చెల్లవు.

– అడ్వాన్స్ 20 వేలు గానీ అంతకు మించి గానీ నగదుగా తీసుకోవద్దు. తీసుకున్నంతా జరిమానాగా పడవచ్చు.

– కొనేవాళ్లిచ్చిన అడ్వాన్స్‌తో రిపేర్లు చేయించొద్దు. వెనక్కి అడిగితే ఎక్కడి నుంచి తెస్తారు?

– నగలు తాకట్టు పెట్టి రంగులు వేయించొద్దు. చేతిలో ఉన్నది యాభై వేలే అయితే ఆ యాభై వేలూ మిద్దెకే పెట్టండి. లోపల సున్నం కొట్టించి వదిలేయండి.

– ఈసారి వాన వెలిసిన వెంటనే, రబ్బరు చెప్పులేసుకుని నెమ్మదిగా మిద్దె ఎక్కండి. నీళ్లు ఎక్కడెక్కడ నిలిచాయో సుద్దముక్కతో గీత గీయండి. మేస్త్రీని ఆ గీతల దగ్గరికి తీసుకెళ్లండి.