సాండ్రకోటస్ అంటే మన చంద్రగుప్తుడే: పాత పేర్లను జత కలపడం ఎలా

మా అక్క కూతురు పోటీ పరీక్షలకు చదువుతున్నప్పుడు ఒకరోజు పుస్తకం తెచ్చి నా ముందు పెట్టింది. "పిన్నీ, ఈ ఒక్క పేజీలో పదకొండు పేర్లున్నాయి. సాండ్రకోటస్ ఎవరు, అమిత్రకేటస్ ఎవరు, అంతియోక ఎవరు? చూస్తేనే టెన్షన్‌గా ఉంది" అంది. పేజీ చదివాను. పేర్లు పదకొండే కానీ మనుషులు ఆరుగురే. ఒకే మనిషిని గ్రీకులు ఒకలా, పర్షియన్లు ఒకలా, మనవాళ్లు ఇంకోలా పిలిచారు. పుస్తకం రాసినవాళ్లు ఆ పేర్లన్నీ అలాగే దించేశారు, ఎవరు ఎవరో చెప్పలేదు. పిల్లలు బట్టీ పట్టడానికి కారణం ఇదే. నాకు దీనిమీద బాధ ఉంది, ఎందుకంటే ఈ పేర్లు బట్టీ పట్టాల్సినవి కావు, విప్పుకోవాల్సినవి. ఎలా విప్పాలో ఆ రోజు తనకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఒక పొడుగు నోటుబుక్కు తీసుకుని అడ్డంగా తిప్పండి. పేజీని మూడు గడులుగా గీయండి: గ్రీకులు ఏమన్నారు, పర్షియన్లు ఏమన్నారు, మనవాళ్లు ఏమన్నారు. కుడి చివర సంవత్సరాలకు ఇంకో సన్నటి గడి. పేరుకూ పేరుకూ మధ్య నాలుగు గీతలు వదలండి, తర్వాత అవసరం పడతాయి. పెన్సిలుతోనే రాయండి.

ఇప్పుడు పేరు తోక కోయడం నేర్చుకోవాలి. మనం చంద్రగుప్తకు "డు" చేర్చి చంద్రగుప్తుడు అంటాం కదా, గ్రీకులు కూడా మగవాళ్ల పేర్లకు "ఓస్", "ఏస్" లాంటివి చేరుస్తారు. జనాల పేరైతే "ఓయ్", "ఆయ్" వస్తుంది. అవి తీసేస్తే అసలు పేరు బయటపడుతుంది. అలెగ్జాండర్‌తో పోరాడిన "మల్లోయ్" తోక కోస్తే మల్ల మిగులుతుంది, వాళ్లు మాళవులు. వాళ్ల పక్కనే ఉన్న "ఆక్సిడ్రకాయ్" క్షుద్రకులు. "ప్రాసియోయ్" ప్రాచ్యులు, అంటే తూర్పువాళ్లు, మగధ వైపు జనం.

తోక పోయాక అక్షరాల మార్పు చూడాలి. ఇక్కడ కాస్త నిదానంగా వెళ్లండి, సగం చిక్కులు ఇక్కడే విడిపోతాయి. మన "స" చాలా చోట్ల ఇరానీ భాషల్లో "హ" అవుతుంది. మన సప్తసింధు పాత ఇరానీ మతగ్రంథం అవెస్తాలో హప్త హెందు. మన అసుర వాళ్ల అహుర. సింధు పర్షియన్ రాజుల శాసనాల్లో హిందుష్ అయింది. ఆ మాట పర్షియన్ల నుంచి అయోనియా (నేటి టర్కీ పడమటి తీరం) గ్రీకుల దగ్గరకు వెళ్లింది. వాళ్ల నోట్లో మొదటి "హ" పలకదు, అందుకని ఇండోస్ అయింది. ఒకే నది పేరు మూడు నోళ్లలో తిరిగి మన దేశం పేరై కూర్చుంది.

గ్రీకులో "చ" లేదు. అందుకే చంద్ర కాస్తా సాండ్ర అయింది, గుప్త అరిగి కోట్ట అయింది. సాండ్రకోట్టోస్ అంటే చంద్రగుప్తుడని 1793లో విలియం జోన్స్ గుర్తించి ప్రకటించాడు. దానికి ఆధారం పేరు ఒక్కటే కాదు. సాండ్రకోట్టోస్ కొలువుకు వచ్చిన గ్రీకు దూత మెగస్తనీస్ చెప్పిన రాజధాని పాలిబోత్ర గంగ, ఎరన్నోబోవాస్ నదులు కలిసేచోట ఉంది. ఎరన్నోబోవాస్ అంటే శోణ నదికి ఇంకో పేరైన హిరణ్యవాహ అని తెలిశాక పాలిబోత్ర పాటలీపుత్రం అయింది, ఆ ఊరి రాజు చంద్రగుప్తుడయ్యాడు. పేరూ ఊరూ నదీ మూడూ ఒకదానికొకటి సాక్ష్యం చెప్పాయి. మీరూ అలాగే చేయండి. ఒక్క పేరు పోలిక చూసి జత కట్టేయకండి.

పర్షియన్ పేర్లకు సంస్కృతం కొంచెం తెలిస్తే చాలు. పర్షియా రాజు డేరియస్ తన పేరు తాను దారయవౌష్ అని చెక్కించుకున్నాడు. దారయ అంటే మన ధారయ, వౌష్‌లో ఉన్నది మన వసు. మంచిని నిలబెట్టేవాడు అని అర్థం. అక్కడి రాజులదే ఇంకో పేరు అర్తజెర్క్సెస్, అందులో మొదటి సగం మన ఋతం, రెండో సగం మన క్షత్రం. డేరియస్ తండ్రి విష్తాస్ప. గ్రీకులు హిస్తాస్పెస్ అన్నారు. ఆ "అస్ప" మన అశ్వమే. ఈ అస్పను గుర్తుపెట్టుకోండి, కింద మళ్లీ వస్తుంది. ఇరాన్‌లోని బెహిస్తూన్ కొండమీద క్రీ.పూ. 520 ప్రాంతంలో చెక్కిన శాసనం "అదమ్ దారయవౌష్" అని మొదలవుతుంది. ఆ అదమ్ మన అహమ్. "నేను దారయవౌష్‌ను" అని రాజు స్వయంగా చెబుతున్నాడు. మొదటిసారి ఆ మాట విడదీసి చదివినప్పుడు నా ఒళ్లు జలదరించింది.

నదుల సంగతి త్వరగా ముగించేద్దాం, ఒకసారి రాసుకుంటే సరిపోతుంది. హైడాస్పెస్ వితస్త, నేటి జీలం. అకెసినెస్ అసిక్ని, చీనాబ్. హైడ్రావొటెస్ ఇరావతి, రావి. హైఫాసిస్ విపాశ, బియాస్. అలెగ్జాండర్ సైన్యం ఇక ముందుకు రామని ఆగిపోయింది ఈ బియాస్ దగ్గరే.

తర్వాత ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇది మనిషి పేరా, వంశం పేరా, ఊరి పేరా? క్రీ.పూ. 326లో జీలం ఒడ్డున అలెగ్జాండర్‌ను ఎదిరించిన పోరస్‌ది సొంత పేరు కాదు, పౌరవ అనే వంశనామం. తక్షశిల రాజును గ్రీకులు టాక్సిలెస్ అన్నారు, అది ఊరి పేరు మీద వచ్చిన బిరుదు. అతని సొంత పేరు ఓంఫిస్ అని రాశారు, మనం అంభి అంటున్నాం. పోరస్ సొంత పేరు మన గ్రంథాల్లో లేదు, అలెగ్జాండర్ దండయాత్ర ఊసే వాటిలో లేదు. అలాంటప్పుడు మూడో గడి ఖాళీగా వదలండి. ఖాళీ గడి చూసి మనసు ఊరుకోదు, ఏదో ఒకటి రాసేయాలనిపిస్తుంది. రాయకండి.

సంవత్సరాల గడి ఎందుకు కావాలో నా అనుభవం చెబుతాను. చాలా ఏళ్లు నేను అంతియోకస్ ఒక్కడే అనుకున్నాను. చంద్రగుప్తుడి కొడుకు బిందుసారుడు (గ్రీకుల అమిత్రకేటస్ ఇతనే) సిరియా వైపు ఏలిన గ్రీకు రాజు అంతియోకస్‌కు ఉత్తరం రాసి తీపి ద్రాక్షసారా, ఎండు అత్తిపళ్లు, ఒక తత్వవేత్తను కొని పంపమన్నాడని గ్రీకు రచయిత ఎథీనియస్ నమోదు చేశాడు. సారా, పళ్లు పంపుతాం గానీ తత్వవేత్తలను అమ్మడం గ్రీకుల చట్టం ఒప్పుకోదని జవాబొచ్చిందట. అశోకుడి శాసనంలోనూ అంతియోక ఉన్నాడు. ఇద్దరూ ఒకరేనని నోటుబుక్కులో కలిపేశాను, అదే నలుగురికీ చెప్పాను. సంవత్సరాలు పక్కన వేసుకున్నాకే తప్పు కనబడింది. బిందుసారుడి కాలంవాడు మొదటి అంతియోకస్, క్రీ.పూ. 281 నుంచి 261 దాకా ఏలాడు. అశోకుడు చెప్పింది అతని కొడుకు రెండో అంతియోకస్‌ను. అప్పట్నుంచి ఏళ్లు లేకుండా ఏ పేరూ రాయడం లేదు. డేరియస్‌లూ అంతే, ముగ్గురున్నారు. మారథాన్‌కు సైన్యం పంపినవాడు మొదటివాడు (522–486), అలెగ్జాండర్ చేతిలో ఓడినవాడు మూడోవాడు (336–330). మధ్యలో ఒకటిన్నర శతాబ్దం ఉంది.

ఏళ్ల గడి ఇచ్చే అసలు ఫలితం అశోకుడి 13వ శిలాశాసనంలో చూడొచ్చు. ఒక సాయంత్రం కూర్చుని మీరే చేసి చూడండి. శాసనంలో ఐదుగురు యవన, అంటే గ్రీకు, రాజుల పేర్లున్నాయి: అంతియోక, తురమాయ, అంతికిని, మక, అలికసుదర. ఇప్పుడు దారి తిరగబడింది, గ్రీకు పేర్లు మనవాళ్ల నోట్లో పడ్డాయి. తురమాయ ఈజిప్టు రాజు రెండో టాలెమీ, అంతికిని మాసిడోనియా ఆంటిగోనస్, మక ఉత్తర ఆఫ్రికాలోని సైరీన్ రాజు మాగస్. అలికసుదర అంటే అలెగ్జాండర్. దండెత్తి వచ్చిన అలెగ్జాండర్ కాదు, గ్రీసు వైపు ఎపిరస్ రాజని ఎక్కువమంది, కొరింత్ రాజని కొందరు అంటారు. కాగితంమీద ఒక్కో రాజుకు ఒక్కో గీత, ఏలినన్నాళ్ల పొడవున గీయండి. రెండో అంతియోకస్ గీత 261లో మొదలవుతుంది. మాగస్ గీత సుమారు 250లో ఆగిపోతుంది. గీతలన్నీ ఒకదానికింద ఒకటి ఉండే ఆ పదేళ్ల ముక్కలోనే అశోకుడు ఈ మాటలు చెప్పించి ఉండాలి. మౌర్యుల కాలాన్ని లెక్కగట్టడానికి చరిత్రకారులు పట్టుకున్న గట్టి ఊతం ఇదే. అదే శాసనంలో యోన, కాంబోజుల తర్వాత ఆంధ్రుల పేరూ ఉంది. కర్నూలు వైపు ఎర్రగుడి బండలమీద ఉన్న అశోకుడి శాసనాల్లో ఈ 13వదీ ఉంది. వీలైతే వెళ్లి ఆ బండల ముందు నిలబడి చూడండి.

ఇదే శాసనాల్లో ఇంకో మాట ఉంది. మిగతా చోట్ల "ధంమ లిపి" అని ఉన్నది వాయవ్యాన షాబాజ్‌గఢీలో "ధ్రమ దిపి" అని ఉంటుంది. దిపి పాత పర్షియన్ మాట. మనం రోజూ వాడే లిపి దాని నుంచే వచ్చిందని పండితులు చెబుతారు. పర్షియన్ గడిలో రాజుల పేర్లతో పాటు ఇలాంటి మాటలకూ చోటివ్వండి. క్షత్రప కూడా అలాంటిదే. పర్షియన్‌లో క్షచపావన్, అంటే రాజ్యాన్ని కాపాడేవాడు. గ్రీకులో సాత్రపెస్, మన దగ్గర క్షత్రప.

జనాల పేర్ల దగ్గర మాత్రం తొందరపడకూడదు. అయోనియా గ్రీకులను పర్షియన్లు యౌన అన్నారు, ప్రాకృతంలో యోన, సంస్కృతంలో యవన. అయితే యవన అని కనిపించిన ప్రతిచోటా గ్రీకువాడే ఉంటాడా? గుజరాత్‌లో గిర్నార్ కొండ దగ్గర జునాగఢ్ బండ చూడండి. దానిమీద అశోకుడి శాసనాలున్నాయి. అదే బండమీద క్రీ.శ. 150లో రుద్రదాముడు చెక్కించిన సంస్కృత శాసనం కూడా ఉంది. సుదర్శన తటాకం కట్ట తెగితే బాగుచేయించిన కథ అది. చెరువును మొదట చంద్రగుప్త మౌర్యుడి కాలంలో పుష్యగుప్తుడు కట్టించాడని, అశోకుడి తరఫున "యవనరాజు తుషాస్ఫుడు" కాలువలు తీయించాడని అందులో ఉంది. తుషాస్ఫ! పైన గుర్తుపెట్టుకోమన్న అస్ప ఇదే. పేరు ఇరానీ, పిలుపు యవన, కొలువు మౌర్యులది. ఆ సంగతి చెబుతున్న రుద్రదాముడు మధ్య ఆసియా నుంచి వచ్చిన శకుల వంశీకుడు, బిరుదు పర్షియా నుంచి వచ్చిన మహాక్షత్రప, భాష సంస్కృతం. ఇలాంటి చోట ఎవరినీ ఒకే గడిలో కుదించలేం. నేను తుషాస్ఫుడి పేరు మూడు గడులకూ అడ్డంగా రాశాను. నాసిక్ శాసనంలో మన శాతవాహన గౌతమీపుత్ర శాతకర్ణిని "శక యవన పహ్లవ నిషూదన" అన్నారు. ఆ మూడు పేర్లూ చదివేటప్పుడు తుషాస్ఫుడిని తలచుకోండి, అవి గీత గీసినట్టు వేరైన జనాలు కారు.

ఎవరు చెబుతున్నారన్నది కూడా పేరు పక్కనే రాసుకోండి. బెహిస్తూన్‌లో మాట్లాడేది రాజే, కాబట్టి తన గొప్పే చెబుతాడు. డేరియస్‌కు భారతీయులు 360 టాలెంట్ల (టాలెంట్ అప్పటి బరువు కొలత) బంగారు పొడి కప్పం కట్టారని చెప్పినవాడు గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్, డేరియస్ తర్వాతి తరాల మనిషి. అలెగ్జాండర్ యుద్ధాలను వివరంగా రాసిన అరియన్ నాలుగు వందల ఏళ్లకు పైగా గడిచాక పుట్టినవాడు.

చివరికి ఒక నాణెం చదవండి. మన వాయవ్యాన ఏలిన గ్రీకు రాజు మెనాండర్ వెండి నాణెం ఫోటో పెద్దది దొరికితే మంచిది. ఒకవైపు రాజు బొమ్మ చుట్టూ గ్రీకులో "బాసిలెయోస్ సోతేరోస్ మెనాండ్రూ" అని ఉంటుంది. వెనక్కి తిప్పితే ఖరోష్ఠి లిపిలో, కుడి నుంచి ఎడమకు, "మహరజస త్రతరస మెనంద్రస". ఒక్కో మాట జత కలపండి. బాసిలెయోస్ మహరజస, సోతేరోస్ త్రతరస, అంటే రక్షకుడిది. గ్రీకు పేరు చివరి "ఊ", ప్రాకృతం చివరి "స" రెండూ "యొక్క" అనే అర్థానివి: మెనాండర్ యొక్క నాణెం. వెనకవైపు ఖరోష్ఠి పర్షియన్ గుమాస్తాలు వాడిన అరమాయిక్ లిపి నుంచి పుట్టింది. అంటే మధ్య గడి కూడా ఈ చిన్న వెండి బిళ్లమీదే ఉంది. పాళీ గ్రంథంలో భిక్షువు నాగసేనుణ్ణి ప్రశ్నలడిగిన మిలిందుడు ఈ మెనాండరే.

నాణెం అయ్యాక మా అక్క కూతురికి విదిశ దగ్గరి బెస్‌నగర్ గరుడస్తంభం శాసనం ఇచ్చి ఒక్కర్తినే చేయమన్నాను. తక్షశిలవాడు, దియ కొడుకు హెలియోదోర వాసుదేవుడికి నిలబెట్టిన స్తంభం. మహారాజు అంతలికిత దగ్గర నుంచి వచ్చిన యోన దూత అతను. ఆ అమ్మాయి చాలాసేపు పెన్సిలు చెంపకు ఆనించుకుని కూర్చుంది. తర్వాత మూడో గడిలో దియ అని రాసి మొదటి గడిలో డియోన్ అని రాసింది. అంతలికితను రెండుసార్లు పైకి చదివి తోక తగిలించి చూసుకుంది. మొదటి గడిలో అంతియాల్కిదాస్ అని రాసి, మధ్య గడి ఖాళీగా వదిలి, నోటుబుక్కు నా వైపు తిప్పింది.